అల్యూమినియం క్లోరైడ్ అయానికా, కోవలెంటా? పదకొండో తరగతి పిల్లకు ఎలా చెప్పాలి?

వేళచ్చేరి_అమ్మ
శనివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడ చెన్నైలోనే సీబీఎస్ఈ పదకొండో తరగతి చదువుతోంది. మొన్న యూనిట్ టెస్టులో సోడియం క్లోరైడ్, మెగ్నీషియం ఆక్సైడ్, అల్యూమినియం క్లోరైడ్, హైడ్రోజన్ క్లోరైడ్, అమ్మోనియం క్లోరైడ్ ఇచ్చి, వీటిలో అయానిక్ సమ్మేళనాలు ఏవి అని అడిగారట. లోహం, అలోహం కలిస్తే అయానిక్ (ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకునేది), రెండూ అలోహాలైతే కోవలెంట్ (ఎలక్ట్రాన్లు పంచుకునేది) అని పదో తరగతిలో నేర్చుకుంది కదా, మొదటి మూడూ రాసి వచ్చింది. అల్యూమినియం క్లోరైడ్ తప్పని కొట్టేశారు. అమ్మోనియం క్లోరైడ్ రాయనందుకు ఇంకో మార్కు పోయింది.

మార్కులు పోతే పోయాయి. "అల్యూమినియం లోహం కాదా అమ్మా? రూల్ తప్పైతే మాకెందుకు నేర్పారు?" అని అడుగుతోంది. క్లాసులో అడిగితే అది ఎక్సెప్షన్, గుర్తుపెట్టుకో అన్నారట. నేను చదివింది బీకాం. కారణం ఎవరైనా తెలుగులో, అర్థమయ్యేలా చెబితే నేను దాన్ని కూర్చోబెట్టి చెప్పుకోగలను. మంగళవారం రీటెస్టు ఉంది.

కోచింగ్_కెమిస్ట్రీ
రాత్రి 9.34

టెన్షన్ పడకండి అమ్మా, దీనికి తేలిక పద్ధతి ఉంది. లోహమా అలోహమా అని చూడకుండా రుణవిద్యుదాత్మకతల తేడా చూడమనండి. అంటే బంధంలోని ఎలక్ట్రాన్లను ఒక పరమాణువు తనవైపు ఎంత లాక్కుంటుందో చెప్పే అంకె. పౌలింగ్ స్కేలు మీద సోడియం 0.93, క్లోరిన్ 3.16. తేడా 2.23. ఇది 1.7 కంటే ఎక్కువ కాబట్టి అయానిక్. అల్యూమినియం 1.61, క్లోరిన్‌తో తేడా 1.55. 1.7 కంటే తక్కువ కాబట్టి కోవలెంట్. మల్టిపుల్ చాయిస్‌లో పది సెకన్లలో తేలిపోతుంది.

లాంగ్‌టర్మ్_నీట్
రాత్రి 9.51

సర్, ఒక డౌట్. హైడ్రోజన్ 2.20, ఫ్లోరిన్ 3.98. తేడా 1.78 వస్తుంది. ఆ లెక్కన హైడ్రోజన్ ఫ్లోరైడ్ అయానిక్ కావాలి. కానీ అది 20 డిగ్రీల దగ్గరే మరిగిపోయే పదార్థం, పుస్తకంలో కోవలెంట్ అనే ఉంది. మా ప్రాక్టీస్ పేపర్లో ఇదే ఇచ్చారు, నాకు మైనస్ మార్కు పడింది.

కోచింగ్_కెమిస్ట్రీ
రాత్రి 9.58

అది ఒక్కటీ మినహాయింపు తమ్ముడూ. మిగతా వాటికి రూల్ పనిచేస్తుంది.

పెరంబూర్_మాస్టారు
రాత్రి 10.40

నేను నెల్లూరు జిల్లాలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మా అబ్బాయి దగ్గర పెరంబూరులో ఉంటున్నాను. ఈ ప్రశ్న మీద రాయకుండా ఉండలేను, కాస్త పొడుగైనా చదవండి.

కోచింగ్ సార్ చెప్పిన 1.7 రూలు ఒక్క హైడ్రోజన్ ఫ్లోరైడ్ దగ్గరే ఆగిపోదు. సోడియం హైడ్రైడ్ చూడండి. తేడా 1.27 మాత్రమే. అయినా అది లవణం లాంటి స్ఫటికం, లోపల అమరిక ఉప్పుదే, హైడ్రోజన్ అక్కడ రుణ అయానుగా, అంటే ఎలక్ట్రాన్ పుచ్చుకుని రుణావేశం వచ్చిన పరమాణువుగా ఉంటుంది. ఇటు టైటానియం టెట్రాక్లోరైడ్‌లో తేడా 1.62. సోడియం హైడ్రైడ్ కంటే బాగా ఎక్కువ. కానీ అది నీళ్లలా పారే ద్రవం, 136 డిగ్రీలకు మరుగుతుంది. తేడా ఎక్కువున్నది కోవలెంటై, తక్కువున్నది అయానిక్ అయినప్పుడు 1.7 దగ్గర గీత గీసి ప్రయోజనం ఏముంది? అంకె అబద్ధం చెప్పదు, కానీ అది రెండు పరమాణువుల మధ్య లాగుడు ఎంతో మాత్రమే చెబుతుంది. ఆ పరమాణువు సైజెంత, దాని చుట్టూ ఎన్ని చేరతాయి, అవన్నీ కలిసి ఘనపదార్థంగా పేరుకుంటే ఏమవుతుంది అనేవి ఆ అంకెలో లేవు.

అసలు పదో తరగతిలో చెప్పే కథ దగ్గరే ఒక చిక్కుంది. సోడియానికి చివరి కక్ష్యలో ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ, దాన్ని ఇచ్చేయాలని చూస్తుంది, క్లోరిన్‌కు ఒకటి తక్కువ, తీసుకుంటుంది, ఇద్దరూ సంతోషం. పిల్లలకు వినడానికి బాగుంటుంది. కానీ సోడియం ఊరికే ఏమీ ఇవ్వదు. అమ్మగారు బీకాం అన్నారు కాబట్టి జమాఖర్చుగానే రాస్తాను, అన్నీ ఒక మోలుకు కిలోజౌళ్లలో (మోలు అంటే డజనులాంటి ఒక లెక్క, కాకపోతే చాలా పెద్దది). ఘన సోడియాన్ని విడి పరమాణువులు చేయడానికి 107 ఖర్చు. క్లోరిన్ అణువును విడగొట్టి మనకు కావలసిన ఒక్క పరమాణువు తీసుకోవడానికి 122. సోడియం నుంచి ఎలక్ట్రాన్ లాగడానికి 496. మొత్తం ఖర్చు 725. ఆ ఎలక్ట్రాన్‌ను క్లోరిన్ పుచ్చుకుంటే వచ్చే జమ 349 మాత్రమే. ఇక్కడితో ఆపేస్తే పెద్ద నష్టం, ఉప్పే తయారు కాదు.

లోటు పూడ్చేది జాలక శక్తి. విడి అయాన్లు ఒకదాని చుట్టూ ఒకటి చేరి, ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు ఉండేలా పేరుకుంటే 787 వస్తుంది. జమ మొత్తం 1136, ఖర్చు పోను 411 మిగులు. ఈ 411 కోసమే ఉప్పు ఏర్పడుతుంది. ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండాలన్న కోరిక కోసం కాదు. అయానిక్ అంటే "ఇచ్చిపుచ్చుకోవడం" అని పిల్లలు రాస్తారు. ఇచ్చిపుచ్చుకున్నాక జరిగే ఈ పేరుకోవడమే అయానిక్ పదార్థానికి ప్రాణం.

ఇప్పుడు అల్యూమినియం. దాని నుంచి మూడు ఎలక్ట్రాన్లు లాగాలి. 578, 1817, 2745. మొత్తం 5140 కిలోజౌళ్లు. అంత ఖర్చు తిరిగి రావాలంటే అయాన్లు బాగా దగ్గరగా చేరాలి. ఎదురుగా ఉన్నది ఫ్లోరైడ్ అయితే అది చిన్నది కాబట్టి గిట్టుబాటవుతుంది. అల్యూమినియం ఫ్లోరైడ్ దాదాపు 1290 డిగ్రీల దాకా కదలదు. క్లోరైడ్ పెద్దది. పైగా ధన ఆవేశం మూడు ఉన్న అల్యూమినియం అయాను చాలా చిన్నది, వ్యాసార్థం 54 పికోమీటర్ల లోపే. సోడియం అయానుది 102. ఇంత చిన్న చోట అంత ఆవేశం ఉంటే పక్కనున్న క్లోరైడ్ ఎలక్ట్రాన్ మేఘాన్ని అది తనవైపు గుంజేస్తుంది. మేఘం రెండింటి మధ్యకు వచ్చేస్తే ఇక ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కడుంది, పంచుకోవడమే. 1923లో కాసిమిర్ ఫజాన్స్ చెప్పింది ఇదే. ధన అయాను ఎంత చిన్నదైతే, దాని ఆవేశం ఎంత ఎక్కువైతే, రుణ అయాను ఎంత పెద్దదైతే, బంధంలో అంత కోవలెంట్ గుణం వస్తుంది. అల్యూమినియం క్లోరైడ్‌లో ఈ మూడూ ఒకేచోట కలిశాయి. దీన్ని ఎక్సెప్షన్ అనడం నాకు నచ్చదు. కారణం ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని బట్టీ పట్టమని ఎందుకు చెప్పాలి?

పాపను ఆవర్తన పట్టికలో మూడో పీరియడ్ మీద వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి నడవమనండి. సోడియం క్లోరైడ్ 801 డిగ్రీలకు కరుగుతుంది. మెగ్నీషియం క్లోరైడ్ 714కి. అల్యూమినియం క్లోరైడ్ 180 దాటేసరికి ఘనం నుంచి నేరుగా ఆవిరవుతుంది. సిలికాన్ టెట్రాక్లోరైడ్ గది ఉష్ణోగ్రత దగ్గరే ద్రవం, 58 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఎక్కడో ఒక గోడ ఉండి దానికి అటు అయానిక్, ఇటు కోవలెంట్ అన్నట్టు లేదు. ధన అయాను చిన్నదవుతూ, ఆవేశం పెరుగుతూ పోయేకొద్దీ స్వభావం మారుతూ పోతోంది.

వేళచ్చేరి_అమ్మ
రాత్రి 11.05

మాస్టారూ, జమాఖర్చు రాశారు చూడండి, మొదటిసారి కెమిస్ట్రీ నాకు అర్థమైంది. 725 ఖర్చు పెట్టి 349 వసూలు చేసే వ్యాపారం ఎవరు చేస్తారు, 787 ఉంది కాబట్టి చేస్తోంది. పిల్ల నిద్రపోయింది, పొద్దున్నే చూపిస్తాను.

అంబత్తూర్_ఫౌండ్రీ
శనివారం, రాత్రి 11.48

మాస్టారు చెప్పిన 801కీ 180కీ తేడా మేము రోజూ కళ్లారా చూస్తాం. అంబత్తూరు ఎస్టేట్‌లో అల్యూమినియం కాస్టింగ్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, సెకండ్ షిఫ్ట్ నుంచి ఇప్పుడే వచ్చాను.

కరిగిన అల్యూమినియం మీద గాలి తగలకుండా కవర్ ఫ్లక్స్ అని ఒక తెల్ల పొడి చల్లుతాం. అందులో ముఖ్యంగా ఉండేవి సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్. విడివిడిగా అయితే ఒకటి 801కి, ఇంకోటి 770కి కరుగుతాయి. సరిగ్గా కలిపితే 660 దగ్గరకే కరిగిపోతాయి. మూస, అంటే లోహం కరిగించే పాత్ర, 720 డిగ్రీల మీద ఉంటే ఆ పొడి కరిగి, లోహం మీద పలచటి పొరలా పరుచుకుని అక్కడే ఉండిపోతుంది. గంటసేపైనా ఎక్కడికీ పోదు.

అదే మూసలో ఇంకో పని ఉంటుంది. లోహంలో కరిగి ఉన్న హైడ్రోజన్‌ను బయటకు పంపకపోతే కాస్టింగ్ నిండా చిల్లులు పడతాయి. దానికి డీగ్యాసింగ్ ట్యాబ్లెట్ వాడేవాళ్లం, హెక్సాక్లోరోఈథేన్ బిళ్ల. చిల్లులున్న ఇనుప ప్లంజర్‌లో పెట్టి అడుగుదాకా ముంచితే లోహం కుతకుతలాడుతుంది. ఆ బుడగల్లో ఉండేది ముఖ్యంగా అల్యూమినియం క్లోరైడ్ ఆవిరి. హైడ్రోజన్ ఆ బుడగల్లోకి చేరి దానితోపాటు పైకి వచ్చేస్తుంది. పైకి రాగానే గాలిలో తేమ తగిలి దట్టంగా తెల్లటి పొగ లేస్తుంది, ముక్కు మండిపోతుంది, హైడ్రోజన్ క్లోరైడ్ ఘాటు అది. వానాకాలంలో అయితే మరీ ఎక్కువ. ఆ పొగ మంచిది కాదని ఇప్పుడు చాలాచోట్ల బిళ్లలు మానేసి నైట్రోజన్ గానీ ఆర్గాన్ గానీ తిరిగే రోటర్ ద్వారా పంపుతున్నారు.

పాపకు చెప్పండి. ఒకే మూస, ఒకే వేడి, రెండూ క్లోరైడ్లే. ఒకటి ద్రవమై కూర్చుంది, ఇంకోటి బుడగై లేచిపోయింది.

లాంగ్‌టర్మ్_నీట్
ఆదివారం, ఉదయం 6.20

అన్నా, ఇది ఏ కోచింగ్‌లోనూ చెప్పలేదు. ఒక్క ప్రశ్న. అల్యూమినియం తీయడానికి కరిగించిన అల్యూమినియం క్లోరైడ్‌లో కరెంటు పంపకుండా, 2072 డిగ్రీలకు గానీ కరగని ఆక్సైడ్‌ను ఎందుకు పట్టుకున్నారు? క్లోరైడ్ తేలిగ్గా కరుగుతుంది కదా?

అంబత్తూర్_ఫౌండ్రీ
ఉదయం 8.02

కరిగినా అందులో కరెంటు పోదు తమ్ముడూ, అయాన్లు ఉండాలి కదా మోసుకుపోవడానికి. పైగా 180 దాటితే ఆవిరి. అందుకే 1886లో హాల్, ఎరూ ఇద్దరూ వేర్వేరుగా కనిపెట్టిన పద్ధతి ఇవాళ్టికీ నడుస్తోంది. కరిగిన క్రయొలైట్‌లో (సోడియం, అల్యూమినియం, ఫ్లోరిన్ ఉన్న ఖనిజం) ఆక్సైడ్‌ను కరిగిస్తారు, అప్పుడు 960 డిగ్రీల దగ్గర పని అయిపోతుంది. ఆక్సైడ్‌ను నేరుగా కరిగించాల్సిన అవసరం లేదు. మిగతాది మాస్టారు చెప్పాలి.

తరమణి_స్కాలర్
ఉదయం 9.15

మాస్టారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఒక వివరం మాత్రం చేర్చాలి. నా రీసెర్చ్ ఘనపదార్థాల మీదే.

అల్యూమినియం క్లోరైడ్‌ను ఒక్క మాటలో కోవలెంట్ అనేస్తే దాని అసలు విశేషం పోతుంది. మామూలు ఘనస్థితిలో అది పొరలు పొరలుగా ఉంటుంది, ఒక్కో అల్యూమినియం చుట్టూ ఆరు క్లోరిన్లు. ఆ అమరిక చూస్తే అయానిక్ స్ఫటికమేమో అనిపిస్తుంది. కానీ ఒత్తిడిలో ఉంచి వేడిచేసి 192 డిగ్రీల దగ్గర కరిగిస్తే మొత్తం మారిపోతుంది. రెండు అల్యూమినియంలు, ఆరు క్లోరిన్లు కలిసిన జంట అణువులుగా విడిపోతుంది. ఒక్కో అల్యూమినియం చుట్టూ ఇప్పుడు నాలుగే. మధ్యలో రెండు క్లోరిన్లు రెండు అల్యూమినియంలనూ కలుపుతూ వంతెనల్లా ఉంటాయి. ఘనపరిమాణం ఒక్కసారిగా బాగా పెరుగుతుంది. ఇవి ఆవేశం లేని అణువులు కాబట్టే ఫౌండ్రీ అన్న చెప్పినట్టు కరిగినా కరెంటు దాదాపు పోదు. ఉప్పు దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఘనంగా ఉన్నప్పుడు కరెంటు పోదు, కరిగితే పోతుంది.

అందుకని "ఈ పదార్థం ఏ స్థితిలో ఉంది?" అని అడగకుండా బంధం గురించి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. ఉప్పునే తీసుకోండి. స్ఫటికంలో సోడియం, క్లోరిన్ మధ్య దూరం 282 పికోమీటర్లు. బాగా వేడిచేసి ఆవిరి చేస్తే ఒక సోడియం, ఒక క్లోరిన్ ఉన్న అణువులు దొరుకుతాయి, వాటిలో దూరం 236కి తగ్గిపోతుంది. ఆ అణువు ద్విధ్రువ భ్రామకం, అంటే ధన, రుణ ఆవేశాలు ఎంత విడిపోయి ఉన్నాయో చెప్పే కొలత, 9 డిబైలు. ఎలక్ట్రాన్ పూర్తిగా క్లోరిన్ దగ్గరకు వెళ్లిపోయి ఉంటే 11.3 ఉండాలి. అంటే సుమారు 79 శాతం. ఇదే లెక్క హైడ్రోజన్ ఫ్లోరైడ్‌కు వేస్తే 41 శాతం, హైడ్రోజన్ క్లోరైడ్‌కు 18 శాతం లోపు. ఈ శాతాలు సరళమైన కొలతలు మాత్రమే, కానీ ఒక్క సంగతి బాగా చూపిస్తాయి. "వంద శాతం అయానిక్" అని మనం ముందుగా ఉదాహరణ చెప్పే ఉప్పు అణువులో కూడా కొంత పంచుకోవడం ఉంది.

ఉప్పు స్ఫటికంలో విడి అణువులు లేవన్న సంగతి మొదట చాలామంది మింగలేకపోయారు. 1913లో లారెన్స్ బ్రాగ్ ఎక్స్-కిరణాలతో ఆ అమరికను తేల్చాడు. ఆ తర్వాత పద్నాలుగేళ్లకు, 1927లో కూడా, హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పేరున్న రసాయన శాస్త్రవేత్త నేచర్ పత్రికకు ఉత్తరం రాసి మరీ దీన్ని తిట్టాడు. సోడియం, క్లోరిన్ చదరంగం గళ్లలా ఉంటాయనడం ఆయనకు అస్సలు మింగుడు పడలేదు. అంత పెద్దాయనకే కష్టమైంది. పదహారేళ్ల అమ్మాయి అడగడంలో తప్పేముంది, చాలా మంచి ప్రశ్న అడిగింది.

కోచింగ్_కెమిస్ట్రీ
ఉదయం 10.30

అన్నీ నిజమే. నేను కాదనడం లేదు. కానీ నా ముందు ఎనభై మంది పిల్లలు కూర్చుంటారు, ఒక్కో ప్రశ్నకు నిమిషం. "స్థితిని బట్టి ఉంటుంది" అంటే వాళ్లు ఏ ఆప్షన్ గుర్తుపెట్టాలి? నా బాధ్యత వాళ్లకు సీటు రావడం. 1.7 పట్టుకుంటే ఎక్కువ ప్రశ్నలకు సరైన జవాబు వస్తుంది. మిగతా నాలుగైదు విడిగా చెబుతాను.

పెరంబూర్_మాస్టారు
ఉదయం 11.10

సార్, మీ ఇబ్బంది నాకు తెలుసు, నేనూ నిండు క్లాసుల్లో చెప్పినవాణ్ణే. గీత వద్దనను, దాన్ని మొదటి అంచనాగా చెప్పండి. కానీ అంచనా తర్వాత ఇంకో నిమిషం ఫజాన్స్ మూడు మాటలకు ఇవ్వండి. చిన్న ధన అయాను, ఎక్కువ ఆవేశం, పెద్ద రుణ అయాను. ఈ మూడు మాటలతో అల్యూమినియం క్లోరైడ్ ఒక్కటే కాదు, టిన్ క్లోరైడ్లు కూడా తేలిపోతాయి. టిన్ డైక్లోరైడ్ 247 డిగ్రీలకు కరిగే ఘనం, టిన్ టెట్రాక్లోరైడ్ 114కి మరిగే ద్రవం. లోహం అదే, క్లోరిన్ అదే. 2.23, 1.55 అని ఎంత తీసివేత చేసినా ఈ రెంటికీ తేడా రాదు, ఎందుకంటే మూలకాల జంట ఒక్కటే. ఆవేశం చూసిన పిల్ల మాత్రం చెప్పగలదు. మీరు విడిగా బట్టీ పట్టించే ఆ నాలుగైదూ బట్టీ లేకుండానే వచ్చేస్తాయి.

కోచింగ్_కెమిస్ట్రీ
ఉదయం 11.22

టిన్ ఉదాహరణ బాగుంది మాస్టారూ. వచ్చే బ్యాచ్‌లో వాడతాను.

ఆర్ఓ_సర్వీస్_తాంబరం
మధ్యాహ్నం 1.05

నేను వాటర్ ఫిల్టర్లు సర్వీసు చేస్తాను. చదువు ఐటీఐ. ఈ చర్చలోకి రావచ్చో లేదో గానీ, మా చేతిలో ఒక మంచి పరికరం ఉంది, పాపకు పనికొస్తుంది.

చెన్నైలో బోరు నీళ్ల ఇంట్లో చాలామంది దగ్గర టీడీఎస్ మీటర్ ఉంటుంది, పెన్ను సైజులో. అది నిజానికి నీళ్లలో కరిగినదాన్ని తూచదు. కరెంటు ఎంత పోతోందో చూసి, దాన్ని పీపీఎంగా మార్చి చూపిస్తుంది. ఫిల్టర్ నీళ్లు ఒక గ్లాసులో తీసుకుని రీడింగ్ చూడండి. చిటికెడు ఉప్పు వేసి కలపండి, రీడింగ్ వందల్లోకి ఎగబాకుతుంది. ఇంకో గ్లాసులో రెండు స్పూన్ల చక్కెర వేసి కలపండి. కరిగినది ఉప్పు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అయినా రీడింగ్ దాదాపు ఉన్నచోటే ఉంటుంది. కస్టమర్లకు మీటరు గురించి చెప్పేటప్పుడు నేను ఇదే చేసి చూపిస్తాను.

కుళాయి మూతి దగ్గర తెల్లగా గట్టిపడే పొర ఉంటుంది కదా, అది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. అది అయానికా కోవలెంటా మాస్టారూ? వెనిగర్ పోస్తే బుసబుసమని కరుగుతుంది, ఊరికే నీళ్లు పోస్తే మాత్రం కరగదు. అయానిక్ అయితే నీళ్లలో కరగాలి అంటారు కదా?

పెరంబూర్_మాస్టారు
మధ్యాహ్నం 2.30

రండి రండి, మీరు రాకపోతే ఈ చర్చలో ప్రయోగమే ఉండేది కాదు. అమ్మగారూ, సాయంత్రం పాపతో తప్పకుండా చేయించండి.

కాల్షియం కార్బొనేట్‌లో రెండూ ఉన్నాయి. కార్బన్, మూడు ఆక్సిజన్లు కలిసి ఒక గుంపు. ఆ గుంపు లోపల బంధాలు కోవలెంట్. ఆ గుంపు మొత్తానికి రెండు రుణావేశాలు ఉంటాయి, దానికీ కాల్షియం అయానుకూ మధ్య ఉన్నది అయానిక్. వంటసోడా, సురేకారం, పటిక అన్నీ ఇలాంటివే. సమ్మేళనానికి ఒక్క ముద్ర వేయాలని చూడటం వల్లే పిల్లలు ఇక్కడ తడబడతారు. ఏ రెండు పరమాణువుల మధ్య, లేదా ఏ రెండు గుంపుల మధ్య, అని అడగాలి.

నీళ్లలో కరగడం మీద. కరగాలంటే నీటి అణువులు అయాన్లను చుట్టుముట్టినప్పుడు వచ్చే లాభం, జాలకం విడగొట్టడానికయ్యే ఖర్చును తట్టుకోవాలి. రెండు ఆవేశాలున్న కాల్షియం, రెండు ఆవేశాలున్న కార్బొనేట్ గట్టిగా పట్టుకుని ఉంటాయి, తేలిగ్గా వదలవు. వెనిగర్ పోస్తే ఆమ్లం కార్బొనేట్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది, ఆ బుడగలే మీరు చూసేవి. "అయానిక్ అంటే నీళ్లలో కరుగుతుంది" అన్నది సగం నిజమే. సిల్వర్ క్లోరైడ్, బేరియం సల్ఫేట్, ఇవేవీ చెప్పుకోదగ్గంత కరగవు.

ఇలాంటిదే ఇంకో సగం నిజం: "కోవలెంట్ బంధం బలహీనం, అందుకే కోవలెంట్ పదార్థాలు తేలిగ్గా కరుగుతాయి." ఇది చాలా నోట్‌బుక్కుల్లో చూశాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది. నీళ్లు మరిగినప్పుడు ఆక్సిజన్, హైడ్రోజన్ మధ్య బంధం తెగదు. దాన్ని తెంచాలంటే మోలుకు 463 కిలోజౌళ్లు కావాలి. ఆవిరిలో ఉన్నవీ నీటి అణువులే. మరిగేటప్పుడు విడిపోయేది ఒక అణువుకూ ఇంకో అణువుకూ మధ్య ఉన్న పట్టు మాత్రమే. కర్పూరం గాలికి పోయేదీ అందుకే. విడి అణువులే లేకుండా కోవలెంట్ బంధాలు ఒక వలలా అల్లుకుపోతే ఎలా ఉంటుందో చూడాలంటే మెరీనా బీచికి వెళ్లి గుప్పెడు ఇసుక తీసుకోండి. అందులో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్ కరగాలంటే 1700 డిగ్రీలు దాటాలి. ఉప్పుకు రెట్టింపు కంటే ఎక్కువ.

వేళచ్చేరి_అమ్మ
ఆదివారం, సాయంత్రం 6.45

చేశాం! ఫిల్టర్ నీళ్లు 42 చూపించాయి. చిటికెడు ఉప్పుకు 780. చక్కెర రెండు స్పూన్లు వేసినా 43 దగ్గరే ఉంది. మా అమ్మాయి నమ్మక ఇంకో స్పూను వేసింది, పెద్ద మార్పు లేదు. పొడి ఉప్పులో మీటరు గుచ్చితే సున్నా. కల్లుప్పులో గుచ్చితే మాత్రం ఏదో అంకె వచ్చి పోతోంది, అది ఎందుకో అర్థం కాలేదు.

ఇంకోటి. తను వెనిగర్ కూడా వేసి చూసింది, గ్లాసుకు ఒక చెంచా. 42 కాస్తా 150 అయింది. వెనిగర్‌లో ఉండేది ఎసిటిక్ ఆమ్లం, అందులో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, అన్నీ అలోహాలే, అంతా కోవలెంటే, మరి కరెంటు ఎలా పోయింది అని అడుగుతోంది. టెస్టులో ఇచ్చిన హైడ్రోజన్ క్లోరైడ్ కూడా నీళ్లలో కరెంటు పోనిస్తుందని పుస్తకంలో ఉందట. అలాంటప్పుడు అది అయానిక్ ఎందుకు కాదు?

తరమణి_స్కాలర్
సాయంత్రం 7.20

ముందు కల్లుప్పు సంగతి. సముద్రపు నీరు ఎండబెట్టి తీసిన శుద్ధి చేయని ఉప్పులో కొద్దిగా మెగ్నీషియం క్లోరైడ్ మిగిలిపోతుంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, చెన్నై గాలిలో తేమకేం కొదవ లేదు. గింజల మీద కంటికి కనిపించని తడి చేరుతుంది, ఆ తడిలో కరిగిన అయాన్లనే మీటరు పట్టుకుంది. మరక్కాణం వైపు ఉప్పు మడుల్లో చూడండి, ఉప్పు తీశాక మిగిలే చేదు నీళ్లలో మెగ్నీషియం లవణాలే ఎక్కువ.

హైడ్రోజన్ క్లోరైడ్ విషయం. వాయువుగా ఉన్నప్పుడు, చల్లబరచి ద్రవం చేసినప్పుడు కూడా అది విడి అణువులే, కరెంటు పోదు. టొలుయీన్ అనే ద్రావణిలో కరిగించినా పోదు. నీళ్లలో వేసినప్పుడు మాత్రమే నీటి అణువు దాని నుంచి హైడ్రోజన్‌ను అయానుగా లాగేసుకుంటుంది, అటు క్లోరైడ్ మిగులుతుంది. అయాన్లు ముందునుంచీ లేవు, నీళ్లతో చర్య జరిగి పుట్టాయి. ఉప్పులో అయితే అయాన్లు స్ఫటికంలోనే ఉన్నాయి, నీళ్లు వాటిని విడదీశాయంతే. వెనిగర్‌లోనూ హైడ్రోజన్ క్లోరైడ్‌లో జరిగిందే జరుగుతుంది, కాకపోతే ఎసిటిక్ ఆమ్లం బలహీనం. ఆ గ్లాసులో వంద అణువులుంటే మూడు దాకా విడివడి ఉంటాయి, మిగతావి అలాగే ఉంటాయి. అందుకే రీడింగ్ 150 దగ్గర ఆగింది.

అల్యూమినియం క్లోరైడ్‌కూ ఇది వర్తిస్తుంది. పొడిగా ఉన్నదాన్ని నీళ్లలో వేస్తే బుస్సుమని వేడెక్కి కరుగుతుంది, ద్రావణంలో కరెంటు బాగా పోతుంది. అక్కడ ఒక్కో అల్యూమినియం అయానును ఆరు నీటి అణువులు చుట్టుముడతాయి. అప్పుడు విడుదలయ్యే శక్తి మోలుకు 4600 కిలోజౌళ్ల పైమాటే. మాస్టారు చెప్పిన 5140 ఖర్చులో చాలా భాగం దీనితోనే తిరిగి వచ్చేస్తుంది, క్లోరైడ్ల వాటా దీనికి అదనం. క్లోరైడ్ చేయలేకపోయిన పని నీళ్లు చేశాయి. రీటెస్టులో ద్రావణం గురించి అడిగితే అయాన్లు ఉన్నాయనే రాయమనండి.

లాంగ్‌టర్మ్_నీట్
రాత్రి 8.10

అమ్మోనియం క్లోరైడ్ సంగతి ఎవరూ చెప్పలేదు. నత్రజని, హైడ్రోజన్, క్లోరిన్. లోహం ఒక్కటీ లేదు.

పెరంబూర్_మాస్టారు
రాత్రి 8.55

అడిగావు, సంతోషం. లోహం లేకుండా అయానిక్ ఎలా అవుతుందన్నది పాప రెండో మార్కు ప్రశ్న.

అమ్మోనియాలో నత్రజని దగ్గర బంధంలో లేని ఒక ఎలక్ట్రాన్ జంట ఉంటుంది. హైడ్రోజన్ క్లోరైడ్ ఎదురుపడితే ఆ జంటతో హైడ్రోజన్ అయానును పట్టుకుంటుంది. నాలుగు హైడ్రోజన్లతో అమ్మోనియం అయాను తయారవుతుంది, ఒక ధనావేశంతో. నాలుగో బంధానికి రెండు ఎలక్ట్రాన్లూ నత్రజనే ఇచ్చింది, కానీ ఏర్పడ్డాక నాలుగింటిలో ఏది కొత్తదో కనిపెట్టలేం, నాలుగూ సమానమే. లోపల అంతా కోవలెంట్. ఆ గుంపుకూ క్లోరైడ్‌కూ మధ్య అయానిక్. కాబట్టి నవసాగరం, అంటే ఈ అమ్మోనియం క్లోరైడే, నీళ్లలో వేసి పాప మీటరు పెడితే ఉప్పులాగే అంకె ఎగబాకుతుంది.

అల్యూమినియం క్లోరైడ్‌ను ఆవిరవుతుంది కాబట్టి కోవలెంట్ అన్నాం కదా, నవసాగరం కూడా 338 డిగ్రీల దగ్గర తెల్లటి పొగై ఆవిరవుతుంది, మరి అదీ కోవలెంటా అని పాప రేపు అడగవచ్చు. రెండు ఆవిర్లూ ఒకటి కావు. నవసాగరం ఆవిరిలో అమ్మోనియం క్లోరైడ్ ఉండదు. వేడికి అయానుల మధ్య హైడ్రోజన్ మళ్లీ చేతులు మారి, అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ అనే రెండు వాయువులుగా విడిపోతుంది. చల్లటి చోట అవి మళ్లీ కలిసి తెల్లటి పొడిగా పేరుకుంటాయి. అల్యూమినియం క్లోరైడ్ మాత్రం తన జంట అణువులతోనే ఆవిరవుతుంది, విడిపోదు.

అమ్మగారూ, మంగళవారానికి పాప ఇలా రాస్తే చాలు. సోడియం క్లోరైడ్, మెగ్నీషియం ఆక్సైడ్, అమ్మోనియం క్లోరైడ్ అయానిక్. హైడ్రోజన్ క్లోరైడ్ కోవలెంట్. అల్యూమినియం క్లోరైడ్ ప్రధానంగా కోవలెంట్, కారణం అల్యూమినియం అయాను చిన్నది, ఆవేశం మూడు, క్లోరైడ్ పెద్దది. "ప్రధానంగా" అన్న మాట వదలవద్దని చెప్పండి. ఆ ఒక్క మాటకు ఎవరైనా మార్కు కోస్తే ఇక్కడికి రాయండి, వాళ్లకు ఏం చూపించాలో నేను రాసిస్తాను.

వేళచ్చేరి_అమ్మ
రాత్రి 9.30

మాస్టారూ, మీకూ ఇక్కడ అందరికీ ఎన్ని నమస్కారాలు చెప్పినా తక్కువే. తను ఇప్పుడు వంటింట్లో వంటసోడా, పటిక గ్లాసుల్లో కలిపి వరసగా పెట్టుకుంది. పటిక వేడి చేస్తే 92 డిగ్రీలకే కరిగిపోతుందని ఎక్కడో చదివిందట, అయానిక్ అయితే అంత త్వరగా ఎందుకు కరుగుతుంది అని అడుగుతోంది.

పెరంబూర్_మాస్టారు
రాత్రి 9.52

పటిక స్ఫటికంలో పొటాషియం, అల్యూమినియం, సల్ఫేట్‌లతో పాటు పన్నెండు నీటి అణువులు కూడా ఉంటాయి. 92 డిగ్రీలకు జరిగేది ఉప్పు కరిగినట్టు కరగడం కాదు. ఆ నీళ్లు పట్టు వదిలి బయటకు వస్తాయి, మిగిలినదంతా ఆ సొంత నీళ్లలోనే కరిగిపోతుంది. ఇంకా వేడిచేస్తూ పోతే నీళ్లన్నీ ఆవిరై, పొంగిన తెల్లటి పొడి మిగులుతుంది. ఒక పాత గరిటెలో చిన్న ముక్క వేసి, మీరు పక్కనుండి, సన్నని మంట మీద చేయించండి. కళ్లకు దూరంగా పెట్టుకోమనండి, చిటపటలాడుతుంది.